సైలెన్సరు తాత

"ఆపండి! ఆపండంటున్నానా!"

పక్కింటి తాత పిట్టగోడ మీంచి రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు.

విమానం సీట్లో కూర్చున్న అక్క పళ్లు నూరుకుంటూ ఇంజను కట్టేసింది. ప్రొపెల్లరు బద్ధకంగా తిరిగి ఆగింది.

"వచ్చాడమ్మా సైలెన్సరు తాత!" అన్నాడు తమ్ముడు.

ఆ అక్కాతమ్ముళ్లు ఉద్యోగాలు చేసుకుంటూనే, అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో సొంతంగా ఓ చిన్న విమానం కట్టుకుంటున్నారు. రెక్కలు బిగించడమొక్కటే మిగిలింది. సెకండ్ హ్యాండ్ ఇంజను. అది పోతే ఇంకోటి తెచ్చే ఊసే లేదు, విమానం కోళ్లగూడుకి పనికొస్తుంది.

ఎగరడానికి అనుమతి కావాలంటే ముందు ఇంజనును ఫుల్లుగా, చాలాసేపు తిప్పి చూడాలి. ఆ 'చాలాసేపే' కుదరడం లేదు. వేగం అందుకునేసరికి గోడ మీద తాత ప్రత్యక్షం.

"పట్టపగలే కదా తాతగారూ! కాసేపు ఓర్చుకోండి!" అంది అక్క.

తాత పలకలేదు. ప్రొపెల్లరు ఆగిందో లేదో చూసుకుని, ముక్కు దగ్గర చెయ్యి ఆడించుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

"చూశావా పొగరు? అడిగితే జవాబు కూడా లేదు."

"మోతే కాదు, మన పెట్రోలు కంపు కూడా పడనట్టుంది దొరగారికి."

"ఈసారి ఆపకుండా తిప్పేద్దామా అక్కా?"

"వద్దురా బాబూ. ఎక్కడైనా కంప్లయింటు ఇచ్చాడంటే షెడ్డుకి తాళమే."

అక్క ఇంజను వేడి చూపే మీటరు వంక చూసింది. ముల్లు చల్లని గీత దగ్గరే హాయిగా ఉంది. ఇంజను బంగారం, పక్కిల్లే శని అనుకుంది.

చివరికి విమానాలకి అనుమతిచ్చే ఇన్‌స్పెక్టరు గారినే షెడ్డుకి రప్పించుకున్నారు. మీ ఎదురుగా తిప్పితే ఆ తాత నోరెత్తడు సార్, అని.

ఆయన ఇంజను తిప్పమనలేదు. ముందు మూత తీయమన్నాడు. టార్చి పట్టుకుని వెనక వైపు వంగాడు.

"ఇదెవరి పనితనం?"

తమ్ముడు గర్వంగా చెయ్యెత్తాడు.

"అయితే నువ్వే రా."

వెనక సిలిండరు మీద రంగు నల్లగా కమిలి, పెచ్చులు లేచి ఉంది.

"మీటరు చల్లగానే చూపించింది సార్!" అంది అక్క.

"సెన్సరు దేనికి తగిలించారు?"

"ముందు సిలిండరుకి. చెయ్యి సులువుగా అందుతుందని..."

"గాలి మొదట తగిలేది దానికే కదమ్మా. ఫ్యాను కింద కూర్చున్నవాణ్ణి అడిగి, వంటగదిలో ఉక్కపోత లేదని తేల్చేశారన్నమాట."



ఆయన రబ్బరు పట్టీని వేలితో లేపి చూపించాడు. "ముందు నుంచి దూరిన గాలి ఈ సిలిండర్ల సందుల్లోంచి కిందికి దిగాలి. పక్కకి పారిపోకుండా ఆపడానికే ఈ పట్టీలు. అంచు గాలికి ఎదురుగా వంగి ఉంటే, ఆ గాలే దాన్ని మూతకి అదిమి పెడుతుంది. ఇవి వెనక్కి మడతపడ్డాయి. గాలికి తలుపు తీసి మరీ సాగనంపారు."

"మూత బిగించేటప్పుడు అవే మడతపడ్డాయేమో సార్," అని గొణిగాడు తమ్ముడు.

"అవే పడతాయి. చూసుకోవాల్సింది మనం. ఒక్కోసారి ఎంతసేపు తిప్పారు?"

"తిప్పనిస్తేగా! వేగం అందుకోగానే పక్కింటి తాత ఆపండంటూ గోల."

"ప్రతిసారీ ఆపేశారా?"

"ఆపక చస్తామా సార్?"

ఇన్‌స్పెక్టరు టార్చి ఆర్పాడు.

"ఇంకాస్త తిప్పి ఉంటే సిలిండరు పగిలేది. ఇక్కడ పగలకపోతే పైకి లేచాక పగిలేది. నడిపేది నువ్వే కదమ్మా? ఆ పెద్దాయనకి ఓ దణ్ణం పెట్టుకో."

పట్టీలు మార్చారు. లోపల బల్బు పెట్టి, వెలుతురు కనిపించిన ప్రతి కంతా పూడ్చారు. సిలిండరుకో సెన్సరు తగిలించారు. లారీ మీద ఎయిర్‌ఫీల్డుకి తీసుకెళ్లి, వారాల తరబడి అక్కడే రెక్కలు బిగించుకున్నారు.

ఇంజనును చాలాసేపు తిప్పి చూపించి, అనుమతి అందుకున్న రోజున అక్క మొదటిసారి ఎగిరింది. ఎంత ఎత్తుకి వెళ్లినా ఏ ముల్లూ చల్లని గీత దాటలేదు. కిందికి దిగి, తమ్ముణ్ణి వాటేసుకుని, "పద, ముందు తాత దగ్గరికి," అంది.

పళ్ల సంచితో పక్కింటి గేటు తీయడం అదే మొదలు.

"ముందు సారీ చెప్పాలా, థాంక్సా?" అన్నాడు తమ్ముడు.

"రెండూ. ఆయన తిట్టేలోపే."

తలుపు తీసింది తాతగారి కూతురు. ఆమె వెనక మంచం గోడకి నిలబెట్టి ఉంది.

"నాన్న పోయినవారమే పోయారమ్మా. నిద్రలోనే."



"మా ఇంజను మోతతో ఆయన్ని చాలా బాధపెట్టామండీ. ఆయన అరవబట్టే ఈరోజు నేను..." అంటూ అక్క పళ్ల సంచి ముందుకు చాపింది.

"మోతా?" కూతురు వింతగా చూసింది. "నాన్నకి రెండు చెవులూ వినపడవు కదమ్మా. ఫ్యాక్టరీలో బాయిలరు పేలినప్పుడే పోయాయి."

"మరి ఎందుకు..."

"కాలుతున్న వాసన. అది తగిలితే చాలు, తింటున్న కంచం వదిలేసి పరిగెత్తేవారు. ఆ బాయిలరు దగ్గరా ముందు వాసన పట్టి, ఆపండి ఆపండని అరిచింది ఆయనేనట. ఒక్కరూ వినలేదట."

ఆమె సంచి రెండు చేతులతో అందుకుంది.

"అందుకే, 'పక్క షెడ్డు పిల్లలు బంగారమే, నేను చెప్పగానే ఆపేస్తారు' అని మిమ్మల్ని తలుచుకుని ఎంత మురిసిపోయేవారో!"