అద్దం దగ్గరి ఆమె

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డను అద్దాల గదిలో పెట్టారు.

సిద్దిపేట దవాఖానలో ఆ గది బయట కూర్చుంటే రోజారాణికి అంతా కలలాగే ఉండేది. నీలం వెలుతురు. గుప్పెడంత పాప. నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నట్టు మాటలు.

ఆమెకు ఇంకా పాలు పడలేదు. వేరే తల్లులు ఇచ్చిన పాలను వేడిచేసి, చల్లార్చి, ఏవో చుక్కలు కలిపి పట్టేవారు.

ఆ చుక్కలు ఎందుకని నర్సు ప్రమీలాదేవిని అడిగింది.

"అండ్ల మంచి క్రిములుంటయమ్మా. పాప కడుపుల ముందుగాల అవి జాగ పట్టుకుంటే, రోగం తెచ్చేటియి తొందరగ నిలువలేవు. తల్లిపాలే వాటికి తిండి."

ఆ రోజు నుంచి కళ్లు మూసుకుంటే చాలు, పాప కడుపులో ఒక చిన్న ఊరు కనిపించేది రోజారాణికి. కంటికి ఆనని జనం వచ్చి గుడిసెలు వేసుకుంటున్నారు. దీపాలు పెట్టుకుంటున్నారు.

అద్దం దగ్గరకు రోజూ ఒకామె వచ్చేది. చెదిరిన జుట్టు, దుమ్ము పట్టిన చీర అంచు. ఎవరితోనూ మాట్లాడేది కాదు. పాపనే చూసి పోయేది.

ఒకరోజు పాప కడుపు ఉబ్బింది. డాక్టర్లు అటూ ఇటూ తిరిగారు. ఆ సాయంత్రం ఆమె మళ్లీ వచ్చి నిలబడింది.

రోజారాణి ఉండబట్టలేకపోయింది.

"నా బిడ్డను గట్ల చూడకక్కా. దిష్టి తగుల్తది. ఇంకోసారి గీడికి రాకు."

ఆమె కొంగు సర్దుకొని మెట్లు దిగిపోయింది. తర్వాత అద్దం దగ్గర కనిపించలేదు.

పాప కడుపు మెల్లగా మెత్తబడింది. ఇన్‌ఫెక్షన్ రాలేదు, ఇక భయం లేదన్నాడు డాక్టరు. బుగ్గలు కాస్త నిండాక ఇంటికి పంపుతామన్నారు.

పాలిచ్చిన తల్లులకు దండం పెట్టి పోతానంది రోజారాణి.

ప్రమీలాదేవి పాప దుప్పటి సవరించింది. ఎక్కువ పాలు ఒక్కామెవేనని, పేరు సౌమ్య అని, మిరుదొడ్డి నుంచి వచ్చేదని మెల్లగా చెప్పింది. పాలు ఎండిపోయాయట, ఇక రాదట.

"అద్దం దగ్గర నిలబడుతుండె గదా, ఆమెనే. నువ్వు రావద్దన్నంక గూడ వెనక తలుపుకెల్లి వచ్చి ఇచ్చిపోయింది."

రోజారాణి అద్దం వైపు చూసింది. "మరి ఆమె బిడ్డకు?"

"గా బిడ్డ గీ గదిల్నే పోయిందమ్మా, నీ పాప వచ్చిన పొద్దున్నే."