కోరా మడిచిన సంచి

ఆదివారం కోరాకి ఆరేళ్లు నిండుతాయి. పుట్టినరోజు పార్టీకి వచ్చే పిల్లలకు జెల్లీ పాముల మిఠాయి పెట్టి ఇవ్వడానికి, ఆస్ట్రేలియాలో మిల్డూరా ఊళ్లోని తన ఇంట్లో బెరిల్ ఆ పిల్లతో కలిసి కాగితం పొట్లాలు మడుస్తోంది.

మధ్యలో ఫోన్ వచ్చింది. సొంతవాళ్ల దగ్గర ఉండలేని పిల్లలను వేరే ఇళ్లలో ఉంచి పెంచే ఆఫీసు వాళ్లు, ఏడు నెలల కిందట కోరాను బెరిల్‌కు అప్పగించినవాళ్లే. రేపు పొద్దున్నే కోరాను వేరే ఇంటికి మారుస్తారట.

బెరిల్ తిరిగొచ్చి కూర్చుని చెప్పింది. కోరా ఏడవలేదు. పార్టీ సంగతైనా అడగలేదు.

"ఆంటీ, పెద్ద కాగితం ఉందా?"

"ఎందుకే తల్లీ, మిఠాయంతా నీకేనా?" బెరిల్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. పక్క కుర్చీలో ఉన్న పాత క్యాలెండర్ చివరి కాగితం చింపి ఇచ్చింది.

కోరా దాన్నీ పొట్లంలాగే మడిచి, అంచులు గోటితో నొక్కింది. గదిలోకెళ్లి పళ్ల బ్రష్షు, సాక్సులు, ఒక గౌను తెచ్చి అందులో సర్దసాగింది.

"నీ బట్టలు నేను సర్దుతాలే తల్లీ."

"వద్దాంటీ. నేనున్న ప్రతి ఇంట్లోనూ నా బట్టలు చెత్త సంచిలో కుక్కి పంపిస్తారు."

ఫోన్ పెట్టేసి వస్తూ, కోరా బట్టలు సర్దడానికని వంటింట్లోంచి తెచ్చిన నల్ల చెత్త సంచులు రెండు బెరిల్ ఒళ్లోనే ఉన్నాయి. వాటిని చప్పుడు కాకుండా టేబుల్ కిందికి జారవిడిచి, ఇంకో క్యాలెండర్ కాగితం కోసం లేచింది.