పోయని నీళ్లు

దారిన పోయేవాళ్లను పిలిచి పిలిచి నీళ్లు పోసే ముసలాయన, కన్నియప్పన్ దోసిలి పట్టగానే కుండ మీద మూత పెట్టేశాడు.

"నీకు పోయను. పో."

ఎండాకాలం ఇంకా రాకముందే, మాసి నెలలోనే ఎండ మాడ్చేస్తోంది. సైదాపేట రోడ్డు పక్కన అదొక్కటే నీళ్ల పందిరి.

కన్నియప్పన్ గిండీ రేసుల్లో జాకీ. మరునాడే తొలిసారిగా పెద్ద పందెం ఎక్కబోతున్నాడు. తూకంలో ఏమాత్రం ఎక్కువ తూగినా గుర్రాన్ని ఇంకొకడికి ఇచ్చేస్తానని ట్రైనర్ ధర్మలింగం ముందే చెప్పేశాడు. అందుకే ఉన్ని కోటు మీద కంబళి చుట్టుకుని, ఒంట్లో నీరంతా చెమటగా పోయేలా పరుగెత్తుతున్నాడు. ముందు రోజు నుంచీ తిండి లేదు. నాలుక పిడచగట్టుకుపోయింది. ఒక్క గుక్కకే కొంప మునుగుతుందా అనుకుని ఆగాడు.

"ఎందుకు పోయవు?"

"రేపు నీకే తెలుస్తాది."

"వాళ్లకు పోసినావే?"

"వాళ్లు వేరే, నువ్వు వేరే."

అంతే! కన్నియప్పన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. చిన్నప్పుడు చెంబు తగలనీయకుండా ఎత్తు నుంచి పోసిన నీళ్లన్నీ గుర్తొచ్చాయి.

"చూడండన్నా! చెరువుకట్ట పేటోడినని నీళ్లు పోయడంట ఈ ముసలి కిళవన్! చట్టం వచ్చినాక కూడా కులం చూస్తాడంట!"

జనం మూగారు.

"నువ్వు మనిషివేనాయ్యా?"

ఒకడు ముసలాయన తుండు పట్టి లాగాడు. ఇంకొకడు కుండను తన్నాడు. నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆ గోలలో ఎవడు వింటాడు?

కన్నియప్పన్ మాత్రం బాగా బుద్ధి చెప్పానని రొమ్ము విరుచుకుని వెళ్లిపోయాడు.

మరునాడు తూకం వేశారు. ముల్లు కాసేపు ఊగి ఊగి, సరిగ్గా హద్దు గీత మీద ఆగింది.

ధర్మలింగం ఊపిరి వదిలాడు. "బతికినావురా! ఇంకొక గ్లాసు నీళ్లు కడుపులో పడుంటే నీ పని గోవిందా!"

కన్నియప్పన్‌కు ముసలాయన మూత పెట్టేసిన కుండ గుర్తొచ్చింది.

పందెం గెలిచాడు. మెడలో దండ వేశారు. భుజాలు తట్టారు. ఎవరి మొహమూ చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోతూ నీళ్ల పందిరి దగ్గరికి పరుగెత్తాడు.

పందిరిలో ఎవరూ లేరు. పక్కన జామకాయలమ్మే పొన్నమ్మ ఉంది.

"అక్కా, ఆ తాత ఏడి? నేనాయన కాళ్లు పట్టుకోవాల."

పొన్నమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది.

"నిన్నటి గలాటా చేసింది నువ్వే గదా? కులం చూసేవాడు మాకొద్దని పందిరి పెట్టినోళ్లు అప్పుడే తరిమేసినారు. బండెక్కి ఏ ఊరు పోయినాడో ఏమో."

"తప్పయిపోయిందక్కా. కులం చూసే పోయలేదనుకున్నా..."

"కులమా?" పొన్నమ్మ కళ్లు చెంగుతో తుడుచుకుంది. "తూకానికి ముందర దాహం తాళలేక ఒక్క గ్లాసు నీళ్లు తాగి తూకం తప్పినాడు, మళ్లా గుర్రం మొహం చూడలేదప్పా ఆయన. మీ చెరువుకట్ట పేటలో నీకంటే ముందు జాకీ అయింది ఆ నాగప్పన్ ఒక్కడే!"