పెదవి దాటని మాట

"ఎవనికి చెప్పినవ్?"

మస్కట్ నుంచి అంత దూరం వచ్చినా మొగుడి గొంతులో వేడి చల్లారలేదు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌లో గంగామణి గోడవైపు తిరిగి నిలబడింది. బయట ఫోను కోసం కాచుకున్నవాళ్లకు తన ముఖం కనబడకూడదని.

"నేను ఎవ్వలికి చెప్పలే."

"చెప్పకుంటె ఎట్ల తెలిసింది? మా మేస్త్రికి, మా రూములోళ్లందరికి నీ పేరు మీద ఈమెయిలుల గలీజు బొమ్మలు వచ్చినయ్. నీ పెండ్లాం మొగోళ్ల మందులు అమ్ముతుందా అని నవ్వుతున్నరు. ఆ పాస్‌వర్డ్ మాట మనిద్దరికే ఎరుక. నేను చెప్పలే. ఇగ మిగిలిందెవలు?"

గంగామణి రిసీవరును చెవికి ఇంకా దగ్గరగా ఒత్తుకుంది.

"శుక్రారం మళ్ల చేస్త. వాని పేరు చెప్పు. లేకుంటె మీ అవ్వగారింటికి, మాచారెడ్డికి పో."

ఫోను పెట్టేశాడు.

అసలు ఈ ఈమెయిలు తెచ్చిపెట్టింది ఆయనే. కిందటేడు, అంటే తొంభై ఎనిమిదిలో, సెలవుకు వచ్చినప్పుడు ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని పెండ్లాన్ని కామారెడ్డి తీసుకుపోయాడు. అక్కడ అజీముద్దీన్ అనే ఆయన కొత్తగా ఇంటర్నెట్ షాపు పెట్టాడు. అందులో మొగుడే గంగామణి పేరు మీద ఖాతా తెరిచి, మస్కట్‌లోని తన తోటివాళ్ల అడ్రసులన్నీ ఎక్కించాడు. పాస్‌వర్డ్ కూడా ఆయనే పెట్టాడు. "ఇది బీరువ తాళం అనుకో. ఎవ్వలికియ్యకు" అన్నాడు. ఇవ్వలేదు. వచ్చిన మెయిలు అజీముద్దీన్ చదివిపెట్టినా, తాళం తీసేది మాత్రం ఎప్పుడూ గంగామణే.

మర్నాడు గంగామణి కామారెడ్డి బయలుదేరితే అత్త దేవవ్వ కూడా బస్సెక్కింది. కోడలిని ఒంటరిగా పంపే రోజులా అది? దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

"మా కాలంల కార్డు ముక్క వస్తుండె. పోస్టాయన వాకిట్ల నిలవడి సదువుతుండె. వాడకట్టంత ఇనేది. దాపరికం లేకుండె, ఈ లొల్లీ లేకుండె."

గంగామణి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పొలాలు పోతున్నాయి, ఊళ్లు పోతున్నాయి, దిగులు మాత్రం దిగిన చోటే ఉంది.

అజీముద్దీన్ సంగతంతా విని ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. ఆయన ముఖం కూడా వాడింది. ఇలాంటి మాట బజారున పడితే షాపుకు ఆడవాళ్లెవరొస్తారు?

"చెల్లె, ప్రకటనలు పంపేటోళ్లకు మందివి ఖాతాలు గావాలె. ఎరుకైనోళ్ల పేరు మీద వస్తె ఎవలన్న తెరుస్తరు గద. గందుకె తాళాలు దేవులాడుతరు. నీది ఎట్ల దొరికిందో సూద్దాం. యాడన్న కాగితం మీద రాసిపెట్టినవా?"

"లే భాయ్."

"లేచిపోయేటప్పుడు అన్ని మంచిగ బందు చేసినవా?"

దేవవ్వ కుర్చీలోంచి సగం లేచింది. "ఎవలు లేచిపోయిండ్రు? నోరు మంచిగుండని."

"కుర్చీలకెల్లి లేచుడు అవ్వా, కుర్చీలకెల్లి. నువ్వు గిప్పుడు లేచినవ్ సూడు, గట్ల."

పక్క కంప్యూటర్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. గంగామణి నవ్వలేదు.

"ప్రతిసారి బందు చేసే పోయిన భాయ్."

"తాళానికి నీ పేరే పెట్టుకున్నవా? బిడ్డ పేరా? గట్లయితె ఎవలన్న పసిగడ్తరు."

"నా పేరు గాదు. బిడ్డ పేరు గాదు."

"బస్, ఇంక చెప్పకు. నాకు తెలిస్తె నేను గూడ దొంగల లెక్కల వడ్త."

మీటలు నొక్కింది నొక్కినట్టు దాచుకునే దొంగ ప్రోగ్రాములు కొన్ని ఉంటాయట. అవేమైనా చొరబడ్డాయేమోనని అజీముద్దీన్ ఆమె కూర్చునే కంప్యూటరంతా గాలించాడు. ఏమీ దొరకలేదు. తల గోక్కున్నాడు.

"జర యాది చేస్కో చెల్లె. బాయికాడనో, బస్సులనో, ఎవలతోనన్న నోరు జారినవా?"

గంగామణి కళ్లు నిండాయి. "నా బిడ్డ మీద ఒట్టు భాయ్. ఆ మాట నా పెదవి దాటలే. నిద్రల గూడ దాటది."

దేవవ్వ కోడలి ముఖంలోకి తేరిపార చూసింది. పొద్దుటి నుంచి ఉన్న కోపం ఎక్కడో కాస్త జారింది.

"అది ఉత్తగ ఒట్టు వెట్టే పిల్ల గాదు బిడ్డా" అంది అజీముద్దీన్‌తో. "నా కొడుకు పులి లెక్క ఊకె ఎగురుతడు గని."

"సరె అవ్వా. ముందైతే తాళం మారుద్దాం. దానికి పాతది ఒక్కసారి కొట్టాలె."

అజీముద్దీన్ లేచి షాపంతా వినబడేటట్టు చప్పట్లు చరిచాడు.

"భాయ్, అందరు జర గోడ దిక్కు తిరుగుండ్రి. మర్యాదస్తుల పిల్ల పాస్‌వర్డ్ కొడ్తుంది."

కుర్చీలు కిర్రుమన్నాయి. అజీముద్దీన్ తనూ గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. దేవవ్వ ఎందుకైనా మంచిదని కొంగు ముఖం మీదికి లాక్కుంది.

శుక్రవారం ఫోనులో మొగుడికి ఏం చెప్పాలి? ఎవరి పేరు చెప్పాలి? ఏ పేరూ తట్టలేదు.

గంగామణి చేతి మీది కొంగు పక్కకు తీసి, మస్కట్ పోయేముందు ఆయనే దగ్గరుండి మణికట్టు నుంచి మోచేతి దాకా ఇంగ్లీషులో పచ్చబొట్టు పొడిపించిన, పెండ్లాం నోట పలకకూడని ఆయన పేరును చూసుకుంటూ, ఒక్కొక్క అక్షరమే మీటల మీద వెతికి నొక్కింది.