అంచు లేని చీర

“నిరాడంబరం అంటే ఏమిటో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. మన సంఘంలోనే ఒక సహోదరి ఉంది,” అన్నారు పాస్టర్ సత్యానందం గారు.

ఆడవాళ్ల వైపు మొదటి వరుసలో కూర్చున్న ఎస్తేరు తలమీద కొంగు సర్దుకుని కళ్లు దించుకుంది. మిర్యాలగూడలోని ఆ మందిరంలో ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా అయ్యగారి చెయ్యి ఆమె వైపే చూపిస్తుంది. సన్నటి నీలం అంచున్న తెల్లచీర, చెవులకు చిన్న దుద్దులు, వేలికి పెళ్లి ఉంగరం. అంతకుమించి ఆమె ఒంటిమీద ఎవరూ ఏమీ చూడలేదు.

“కోదాడ నుంచి కొత్తగా వచ్చిన కృపమ్మను చూడండి,” అన్నారు పాస్టర్ గారు.

ఎస్తేరు కళ్లెత్తేసరికి అందరి తలలూ వెనక్కి తిరిగి ఉన్నాయి. చివరి వరుసలో కిటికీ పక్కన, ఎవరికీ తగలకుండా ఒదిగి కూర్చుని ఉంది కృప. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వెలిసిపోయిన తెల్ల నూలుచీర. దానికి అంచు కూడా లేదు. చెవులు బోసి, మెడ బోసి. ముడి వేసిన జుట్టుకు చుక్క నూనె లేదు.

ఆరాధన అయ్యాక, ఎప్పుడూ పక్కనే కూర్చునే బాలమ్మ ఎస్తేరును మోచేత్తో పొడిచింది.

“సూసినవా వదినా, చెవులకు పుల్ల గూడ లేదు. నువ్వైతే దుద్దులన్న పెడ్తవు.”

“కొత్తల అందరు గట్లనే ఉంటరు. నాలుగు దినాలైతే తెలుస్తది,” అంది ఎస్తేరు.

అయినా ఉండబట్టక, చెప్పులు వేసుకుంటున్న కృప దగ్గరికి వెళ్లింది.

“ఏం సిస్టర్, ఇంట్ల గూడ గిట్లనే ఉంటవా?”

“ఇంట్లో అయినా ఇంతేనక్కా,” అంది కృప, రెండడుగులు వెనక్కి జరిగి చేతులు జోడిస్తూ. “బంగారం చూస్తేనే భయమేస్తోంది నాకు.”

ఆ పూట ఎస్తేరుకు అన్నం సయించలేదు. బంగారం చూస్తేనే భయమట! తనకు ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ భయం వేసిందా? పెళ్లిళ్లకు పోయినప్పుడు పక్కవాళ్ల గొలుసులు ఎన్ని పేటలో చూడకుండా తిరిగొచ్చిందా?

సోమవారం దుద్దులు తీసేసింది. మంగళవారం తలకు నూనె మానేసింది. ఆ తర్వాత బ్లేడు తీసుకుని తెల్లచీరలన్నిటి నీలం అంచులూ కోసి పారేసింది. కోసిన చోట పోగులు వేలాడుతున్నాయి. వేలాడనీ, ఇంకా మంచిది అనుకుంది.

శనివారం సాయంత్రం జయరాజు రైస్ మిల్లు నుంచి వచ్చేసరికి, భార్య నల్లా దగ్గర కూర్చుని వేలికి సబ్బు రుద్దుకుంటోంది.

“ఏం జేస్తున్నవే?”

“ఉంగరం తీస్తున్న.”

“ఎందుకు? చర్చిల అందరి ముంగట నేను తొడిగింది గద అది!”

“పైపై సోకులు దేవునికి నచ్చయి.”

“ఇన్నేండ్ల సంది నచ్చింది గద ఆయనకు. ఇప్పుడేం పుట్టింది?”

ఎస్తేరు ఇంకా గట్టిగా రుద్దింది. వేలు ఎర్రగా వాచింది.

“ఒక్క మాట చెప్పు. దేవునికోసం తీస్తున్నవా, గా కోదాడామె కోసం తీస్తున్నవా?”

ఉంగరం జారి బకెట్లో పడింది. జయరాజు వంగి, నీళ్లలో వెతికి తీశాడు. లుంగీకి తుడిచి, ఆమెకు ఇవ్వకుండా తన చొక్కా జేబులో వేసుకున్నాడు. అన్నం తిని, మంచం బయట వేసుకుని పడుకున్నాడు.

ఎస్తేరుకు లోపల ఎక్కడో చివుక్కుమంది. అయినా తెల్లారితే ఆదివారం.

ఆదివారం అందరికన్నా ముందే వెళ్లి, మొదటి వరుస వదిలేసి, చివర కిటికీ పక్కన కృప చోట్లో కూర్చుంది.

“గిదేంది వదినా, జరమొచ్చిందా?” అని బాలమ్మ కంగారు పడింది.

“జరం లేదు గిరం లేదు. పో, నీ జాగల కూసో.”

పాట పాడిస్తూ అయ్యగారు కూడా ఆమె వైపు ఒకటికి రెండుసార్లు చూశారు. ఎస్తేరు తృప్తిగా తల వంచుకుంది.

అప్పుడు వాకిట్లో గాజులు గలగలలాడాయి.

అందరూ తిరిగి చూశారు. చిలకపచ్చ పట్టుచీర, చేతినిండా గాజులు, చెవులకు జుంకీలు, మెడలో రెండు పేటల గొలుసు, నూనె రాసి బిగించిన జడ నిండా మల్లెపూలు. కృప! అయ్యగారి గొంతులో పాట ఒక్క క్షణం తడబడింది. బాలమ్మ నోరు వెళ్లబెట్టింది.

ఎస్తేరుకు ఆ క్షణాన క్రిస్మస్ ముందే వచ్చినట్టయింది. అనలేదా తను, నాలుగు దినాలైతే తెలుస్తదని! కృప నేరుగా వచ్చి పక్కనే కూర్చుంది. ఎస్తేరు గొంతు సవరించుకుంది.

“గిదేంది సిస్టర్, మొన్నటిదాకా...”

కృప వినిపించుకోలేదు. ఎస్తేరు బోసి చెవుల్ని, ఎండిన జుట్టుని, పోగులు లేచిన చీరని, వాచిన వేలిని ఒక్కొక్కటిగా చూసింది. ఆమె కళ్లనిండా జాలి కమ్ముకుంది. ఎస్తేరు చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది:

“అయ్యో అక్కా, మీక్కూడా వచ్చిందా ఈ పాడు ఎలర్జీ? నాకూ బంగారం, రంగు బట్ట, నూనె ఏదీ తగలనివ్వకూడదన్నాడు సూర్యాపేటలో స్కిన్ డాక్టరు. ఆయన మందుతో నిన్నటికి పూర్తిగా తగ్గిపోయింది, నంబరిస్తా రాసుకోండి.”