సరిపోయిన జవాబు

సాయంత్రం ఐదింటికి నివేదిక వెళ్ళిపోవాలి. యంత్రంలో తప్పు లేదని తేలితే తప్పు నర్సుదే. ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా.

అలా తేలాలనే మాస్టారి పంతం. కొత్తవాళ్ళకు పని నేర్పుతాడు కాబట్టి ఆఫీసులో ఆయనకా పేరు. తాళం వేసి మూడుసార్లు లాగి చూసే మనిషని వెనకాల నవ్వుకుంటారు కూడా.

నరంలోకి చుక్కచుక్కగా మందు ఎక్కించే యంత్రమది. మోతాదు మించి ఒక పాప చనిపోయింది. దాని ప్రోగ్రామును యంత్రపు భాషలోకి మార్చిన కంపైలర్ మాస్టారు రాసిందే.

మీరు వద్దు, ఇంకొకరు చూస్తారని మేనేజర్ మొదటే అన్నాడు. ఆయన వినలేదు. కిటికీ లేని గదిలో మూడు రోజులుగా తలుపు వేసుకుని కూర్చున్నాడు. నాలుగు వేల పైచిలుకు పరీక్షలు మళ్ళీ నడిపాడు. ఒక్కటీ తప్పలేదు.

మధ్యాహ్నం విచారణకు నర్సును అక్కడికే పిలిచారు. ఆమె తలెత్తలేదు. అంకె రెండుసార్లు చూసుకునే నొక్కానంది.

"చూసే నొక్కితే ఇలా ఎందుకైంది?" అన్నాడు మాస్టారు.

"తెలిస్తే మీకు చెప్పనా సార్? రోజూ అదే ఆలోచిస్తున్నా."

ఆమె వెళ్ళినా ఆ మాట వెళ్ళలేదు. మోతాదు లెక్కను మాస్టారు కాగితం మీద చేత్తో చేసి చూశాడు. యంత్రం చూపిన జవాబుతో కుదరలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ కుదరలేదు.

అప్పుడు తట్టింది. మారని లెక్కలను కంపైలర్ ముందే చేసేసి, జవాబు మాత్రమే ప్రోగ్రాములో రాసిపెడుతుంది. ఆ జవాబు కోసం అది అడిగేది గణిత లైబ్రరీని, అంటే ముందే రాసిపెట్టిన సూత్రాల కట్టను. అందులో ఒక సూత్రం కొన్ని అంకెల దగ్గర తప్పు చెబుతోంది.

మరి పరీక్షలు? వాటిలో సరైన జవాబును కూడా కంపైలరే లెక్కకట్టేలా రాశాడు, చేత్తో రాస్తే పొరపాటు పడతానేమోనని. ఏడేళ్ళుగా తప్పును తప్పుతోనే పోల్చి, సరిపోయిందనుకుంటున్నాడు.

మేనేజర్ వచ్చాడు. అంతా విని తలుపు మూశాడు. ఈ సంగతి మనిద్దరికే తెలుసన్నాడు.

"మీకు ఇప్పటికే అయింది చాలు మాస్టారూ. ఇది కూడా నెత్తినేసుకుంటారా?"

"లేకపోతే ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది."

లైబ్రరీలో తప్పు ఉందని రాశాడు. దాన్ని పట్టుకోలేని పరీక్షలు తనవేనని రాశాడు. కింద సంతకం చేశాడు.

తర్వాత ఇంకో కాగితం తీసుకుని, నర్సు మీద పెట్టిన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నానని రాసి, 'పాప తండ్రి' అన్నచోట కూడా అదే సంతకం చేశాడు.