గుండె మీద అరచేయి

ఊరూరా ప్రోగ్రాములకు పోతాం. వ్యానులో చోటు లేక ఆంప్లిఫయర్ ఇంట్లోనే వదిలేస్తాను. బేస్ గిటార్ వైరు నేరుగా సౌండ్ మిక్సర్‌కు పోతుంది. స్పీకర్లన్నీ జనం వైపే ఉంటాయి. నేను వాయించేది నాకే వినబడదు.

అందుకే నా భార్య రాధాబాయి ఆడవాళ్ల వరుస చివర కూర్చునేది. వినబడితే గుండె మీద అరచేయి పెట్టేది. వినబడకపోతే చెవి మీద.

బాల్కొండలో ప్రోగ్రాం ఉందని ఆమెను ఆసుపత్రిలో ఒంటరిగా వదిలి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. నాకు క్షమాపణ లేదు.

నిన్న రాత్రి కోటగిరిలో, మూడో పాట మధ్యలో, ఆ వరుస చివర ఒక అరచేయి గుండె మీదికి వచ్చింది. ముఖం చీకట్లో ఉంది. చేతి మీద సెలైన్ సూదికి వేసిన తెల్ల ప్లాస్టర్ కనబడింది.

నా వేళ్లు ఆగిపోయాయి. పాట అయ్యేదాకా తీగ ముట్టలేదు.

మిక్సర్ దగ్గరి నుంచి దేవిదాస్ నవ్వుతూ వచ్చాడు.

"ఏం తిన్నవే అన్నా ఇయ్యాల? సగం పాట నుంచి మస్తుగ కొట్టినవ్. వదిన పోయినంక గింత మంచిగ ఎన్నడు కొట్టలే."

తర్వాతి పాట నేనే వాయించాను.

అరచేయి మెల్లగా చెవి మీదికి జరిగింది.